గంజి నుంచి ఊపిరి దాకా: ఒక అన్నం మెతుకును ఇంట్లోనే వెంబడించే పద్ధతి

ఇవాళ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు, కూర కలపకముందే చిన్న ముద్ద వట్టి అన్నం నోట్లో పెట్టుకోండి. మింగకుండా అరవై లెక్కపెట్టేదాకా నమలండి. మొదట చప్పగా ఉన్నది ముప్పై, నలభై దాటేసరికి తియ్యబడటం మొదలవుతుంది. పంచదార తీపి కాదు, పల్చటి తీపి. పైనుంచి మనం ఏమీ కలపలేదు. నోట్లో ఉన్న అన్నమే మరొకటిగా మారింది.

ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతూ నేను చాలాసార్లు గమనించింది ఒకటుంది. క్రెబ్స్ వలయాన్ని (కణంలో ఆహారం నుంచి శక్తిని తీసే రసాయన మార్పుల చక్రం) ఒక్క తప్పు లేకుండా గీసే పిల్లలు కూడా, అన్నం తింటే శక్తి ఎలా వస్తుందని అడిగితే "లోపల కాలుతుంది" అంటారు. కట్టె కాలినట్టు అన్నం కాలదు. కట్టెలోని శక్తి ఒక్కసారిగా మంటై గాల్లో కలిసిపోతుంది. శరీరంలో గ్లూకోజ్ ఇరవైకి పైగా చేతులు మారుతూ కిందికి దిగుతుంది. ఒక్కో చేయి ఒక్కో ఎంజైమ్, అంటే ఒక్కో రసాయన మార్పును జరిపించే ప్రోటీను. దిగే దారిలో కొన్ని చోట్ల ఆ మార్పు రంగుగానో, బుడగగానో, కాళ్ల మంటగానో బయటికి కనిపిస్తుంది. ఆ చోట్లు చూశాక పటం గీస్తే గుర్తుంటుంది. చూడకుండా గీసింది పరీక్ష రాసిన సాయంత్రానికే పోతుంది. అందుకే ఈ ప్రయోగాలను వరుసగా చేయమంటాను.

ముందుగా సమకూర్చుకోవలసినవి

మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణం ఒక చిన్న సీసా (బీటాడిన్ లాంటిది, ఆయింట్‌మెంట్ పనికిరాదు). వార్చిన గంజి. కుక్కర్లో వండుకునే ఇళ్లలో గంజి ఉండదు కాబట్టి అర చెంచా బియ్యప్పిండిని కప్పు నీళ్లలో ఉడికించుకున్నా చాలు. వెనిగర్. కేకుల సామాన్లు అమ్మే చోట దొరికే డ్రై ఈస్ట్. అర లీటరు ప్లాస్టిక్ సీసాలు ఐదు, బెలూన్లు ఐదు. తాంబూలంలోకి వాడే తడి సున్నం. గుప్పెడు రాగులు, కాసిని పాలు, పది చింతపిక్కలు, గడియారం, ఒక నోటుబుక్కు.

మొదటి మెట్టు: నీలం రంగు

అయోడిన్ మందును లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లతో పల్చన చేయండి. చెంచా మందుకు పది చెంచాల నీళ్లు సరిపోతాయి. తెల్లటి పింగాణీ పళ్లెంలో దీన్ని చుక్కలు చుక్కలుగా వరుసగా పెట్టండి. ఒక చుక్కలో చల్లారిన గంజి చుక్క కలపండి. ముదురు నీలం వస్తుంది. పిండిపదార్థంలో అమైలోజ్ అనే గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్ట లోపలికి అయోడిన్ దూరినప్పుడే ఈ రంగు. గొలుసు తెగితే చుట్ట ఉండదు, నీలమూ ఉండదు. వచ్చే మెట్టులో మనం చూసేదంతా ఈ నీలం ఎంతసేపట్లో పోతుందన్నదే.

గంజి తప్పనిసరిగా చల్లారాలి. మొదటిసారి చేసినప్పుడు నేను వేడి గంజే వాడి, రంగు రాకపోయేసరికి అయోడిన్ పాతబడిందనుకున్నాను. వేడికి ఆ చుట్ట వదులై అయోడిన్ బయటికి వచ్చేస్తుంది. చల్లారాక అదే గ్లాసు మళ్లీ నీలమైంది.

రెండో మెట్టు: లాలాజలం చేసే పని

నోరు పుక్కిలించి శుభ్రం చేసుకోండి. చెంచాడు నీళ్లు నోట్లో పోసుకుని ఒక నిమిషం ఆడించి గ్లాసులోకి ఉమ్మండి. ఎవరి లాలాజలం వాళ్లదే వాడాలి, పని కాగానే పారబోయాలి. ఇందులో సగాన్ని వేరే చిన్న గిన్నెలో పోసి ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చండి.

రెండు గ్లాసుల్లో నాలుగేసి చెంచాల పల్చటి గంజి పోయండి. ఒకదానిలో అర చెంచా మామూలు లాలాజలం, రెండోదానిలో అర చెంచా మరిగించినది కలపండి. రెంటినీ గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. నిమిషానికోసారి ఒక్కో గ్లాసులోంచి చుక్క తీసి పళ్లెంలోని కొత్త అయోడిన్ చుక్కలో కలుపుతూ పోండి. ఒక గ్లాసులో ముంచిన చెంచాను కడగకుండా ఇంకోదానిలో ముంచకూడదు. ఒక్క చుక్క ఎంజైమ్ అటు దాటినా ప్రయోగం చెడిపోతుంది.

మామూలు గ్లాసులో వరుసగా నీలం, ఊదా, ఎర్రటి గోధుమ రంగులు వచ్చి, చివరికి అయోడిన్ సొంత పసుపు మిగులుతుంది. పెద్ద గొలుసులు ముక్కలై డెక్స్‌ట్రిన్లుగా, అవి ఇంకా తెగి మాల్టోజ్‌గా మారే క్రమమే ఆ రంగుల వరుస. మీరు నమిలిన అన్నంలో తీపి ఆ మాల్టోజే. కొందరికి మూడు నిమిషాల్లో పూర్తవుతుంది, కొందరికి పావుగంట పడుతుంది. లాలాజలంలో ఈ గొలుసుల్ని తెంచే ఎంజైమ్ అమైలేజ్. దాన్ని తయారుచేసే జన్యువు ప్రతులు అందరిలో ఒకే సంఖ్యలో ఉండవు. పైగా నోరు ఎండిందా, ఎంత నీరు కలిసింది అన్నదీ లెక్కలోకి వస్తుంది. కాబట్టి అన్నదమ్ముల మధ్య దీన్ని పోటీ పెట్టకండి.

మరిగించిన గ్లాసు నీలంగానే ఉంటుంది. ఈ ప్రయోగంలో అసలైన గ్లాసు ఇదేనని నా నమ్మకం. అది లేకపోతే గంజి నీళ్లతో పల్చనై రంగు తగ్గిందనో, లాలాజలంలోని ఇంకేదో పదార్థం అయోడిన్‌ను మింగేసిందనో ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. రెండు గ్లాసుల్లోనూ అన్నీ సమానం. తేడా ఒక్కటే: ఎంజైమ్ ప్రోటీను మడత మరిగించినదానిలో విడిపోయింది. ఇక ముందు ఏ మెట్టు చేసినా ఇలాంటి పోలిక గ్లాసు పెట్టకుండా చేయకండి.

ఇప్పుడు మూడో గ్లాసును ఐసు నీళ్లలో పెట్టి చేయండి. పావుగంట తరువాత కూడా నీలంగానే ఉండవచ్చు. అదే గ్లాసును తీసి గోరువెచ్చని నీళ్లలోకి మార్చండి. రంగు తగ్గడం మొదలవుతుంది. చలి ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తుంది, మరుగు దాన్ని చంపేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పిండి పులియకుండా ఆగి, బయట పెట్టగానే మళ్లీ పొంగడానికి కారణం ఇదే.

నాలుగో గ్లాసులో లాలాజలం కలిపే ముందు అర చెంచా వెనిగర్ వేయండి. నీలం పోదు. అమైలేజ్‌కు పీహెచ్ 7 (ఆమ్లమూ క్షారమూ కాని స్థితి) దగ్గర్లో ఉంటేనే పని సాగుతుంది. అన్నం ముద్ద పొట్టలోకి దిగి అక్కడి ఆమ్లంతో బాగా కలిశాక ఈ పని ఆగిపోయి, చిన్నపేగులో క్లోమం పంపే క్షారం, కొత్త అమైలేజ్ అందాకే మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ వెనిగర్‌కు బదులు నిమ్మరసం పిండకండి. నిమ్మలోని విటమిన్ సి అయోడిన్ రంగునే పోగొడుతుంది. అప్పుడు ఎంజైమ్ పనిచేసినట్టు తప్పుగా కనిపిస్తుంది. చూడ్డానికి ఒకేలాంటి పులుపే కదా అనుకుని చాలామంది ఇక్కడ మోసపోతారు.

మూడో మెట్టు: మొలకెత్తిన రాగులు

లాలాజలం అంటే ఏవగింపు ఉన్నవాళ్లు రెండో మెట్టు బదులు ఇది చేయవచ్చు. నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి రెండు రోజులు ఉంచండి. మొలకలు వచ్చాక ఎండబెట్టి, వేళ్లు రాలేలా నలిపి, వేయించకుండా పొడి చేయండి. బజారులో దొరికే రాగి మాల్ట్ పొడిని చాలాచోట్ల వేయించి, పంచదార కలిపి అమ్ముతారు. అది ఇందుకు పనికిరాదు. మొలక వచ్చేటప్పుడు గింజ తన పిండిని తానే కరిగించుకోవడానికి అమైలేజ్ తయారుచేసుకుంటుంది. మనం దాన్ని అరువు తెచ్చుకుంటున్నాం. 1833లో పారిస్‌లో పయాన్, పెర్సోజ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు వేరుచేసి చూపిన తొలి ఎంజైమ్ కూడా ఇలా మొలకెత్తిన బార్లీ నుంచి వచ్చినదే.

రెండు గిన్నెల్లో విడివిడిగా, రెండేసి పెద్ద చెంచాల బియ్యప్పిండిని 150 మిల్లీలీటర్ల నీళ్లలో చిక్కటి జావగా ఉడికించండి. పొయ్యి మీంచి దించి, వేలు ముంచితే క్షణం కూడా ఉంచలేనంత వేడికి (60 నుంచి 65 డిగ్రీలు) రానివ్వండి. మొదటి గిన్నెలో చెంచాడు మొలక రాగి పిండి కలిపి మూతపెట్టండి. రెండో గిన్నె కోసం మరో చెంచా మొలక పిండిని, అప్పటికే తెర్లుతున్న నాలుగు చెంచాల నీళ్లలో వేసి ఐదు నిమిషాలు ఉడికించి, ఆ తరువాతే జావలో కలపండి. చన్నీళ్లలో కలిపి నెమ్మదిగా వేడిచేస్తే దారిలోనే ఎంజైమ్ పని మొదలుపెట్టేస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త. అదే నాలుగు చెంచాల వేడినీళ్లు మొదటి గిన్నెలోనూ పోయండి, లేకపోతే పోలిక చెడుతుంది.

పావుగంట తరువాత గరిటె తిప్పి చూడండి. మొదటిది మజ్జిగలా జారుతుంది, రెండోది చిక్కగానే ఉంటుంది. రెంటిలోనూ ఉన్న పిండి ఒకటే. పసిపిల్లల జావలో మొలక పిండి కలిపే అలవాటు వెనుక ఉన్న మేలు ఇదే: బిడ్డ మింగగలిగే పల్చదనంలోనే ఎక్కువ పిండి, ఎక్కువ బలం పడుతుంది. ఈ రెండు గిన్నెలనూ పారేయకండి, వచ్చే మెట్టుకు కావాలి.

నాలుగో మెట్టు: ఐదు సీసాలు

ఐదు సీసాల్లోనూ చెంచాడు చొప్పున ఈస్ట్ వేయండి. ఒకటో సీసాలో గోరువెచ్చని నీళ్లు మాత్రమే. రెండోదానిలో అవే నీళ్లు, రెండు చెంచాల పంచదార. మూడోదానిలో చల్లార్చిన చిక్కటి జావ, నాలుగోదానిలో పల్చబడ్డ జావ, రెంటిలోనూ సమానంగా అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు. ఐదోదానిలో పంచదార వేయని, కాచి చల్లార్చిన పాలు. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. మూతుల బదులు బెలూన్లు తొడగండి. మూత బిగిస్తే సీసా పేలుతుంది, ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయకండి.

అరగంట, గంటలో రెండో సీసా బెలూన్ నిలబడుతుంది. నాలుగోది ఆలస్యంగా, ఒక్కోసారి రెండు మూడు గంటలకు, ఉబ్బుతుంది. మూడోది కొద్దిగా కదిలి ఆగిపోతుంది. ఈస్ట్‌కు అమైలేజ్ లేదు. పిండిలో మునిగి ఉన్నా దానికి తిండి లేనట్టే. ఎవరో గొలుసు తెంచి మాల్టోజ్ చేతికిస్తేనే తినగలదు. పాల సీసా రెండు గంటలైనా వాలిపోయే ఉంటుంది. పాలలోని లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ కూడా ఈ ఈస్ట్‌కు లేదు. పాలు తాగితే పొట్ట ఉబ్బరించే పెద్దవాళ్లకూ ఇదే ఇబ్బంది. వాళ్ల పేగులో ఆ ఎంజైమ్ తగ్గిపోవడంతో లాక్టోజ్ అరగకుండా కిందికి దిగి, అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది.

ఈస్ట్ లోపల జరిగేది గ్లైకాలసిస్. ఆరు కార్బన్ల గ్లూకోజ్ పది అంచెల్లో మూడేసి కార్బన్ల పైరువేట్లు రెండు అవుతుంది. ఆక్సిజన్ అందని చోట ఈస్ట్ ఆ పైరువేట్ నుంచి ఒక కార్బన్‌ను వాయువుగా వదిలేసి, మిగిలిన రెంటిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. బెలూన్‌లో ఉన్నది ఆ వదిలేసిన కార్బనే, కార్బన్ డయాక్సైడ్ రూపంలో. పెరుగు బ్యాక్టీరియా అదే పైరువేట్‌ను వాయువు వదలకుండా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందుకే పెరుగు తోడుకుంటుంది కానీ పొంగదు. ఇడ్లీ పిండిలోని ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా ఆమ్లం, వాయువు రెండూ ఇస్తుంది కాబట్టి పిండి పులుస్తుంది, పొంగుతుంది కూడా.

ఈ పనికి బతికున్న ఈస్టే కావాలని చాలాకాలం నమ్మారు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుచ్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి, రసం పిండి, అది చెడకుండా ఉండటానికి పంచదార కలిపాడు. రసం బుడగలు కక్కింది. అందులో ఒక్క బతికిన కణం లేదు, ఎంజైములు మాత్రమే ఉన్నాయి. 1907లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. జీవరసాయన శాస్త్రం అనే పేరుకు అర్థం వచ్చింది ఆ గ్లాసులోనే అంటాను నేను.

ఐదో మెట్టు: సున్నపు తేట

చెంచాడు తడి సున్నాన్ని అర లీటరు నీళ్లలో కలిపి, మూతపెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున పైతేట వంచుకోండి. పొడి రాతిసున్నం ఇంటికి తేవద్దు, నీళ్లు పడితే సలసల కాగుతుంది. తేట కళ్లలో పడకుండా కళ్లజోడు పెట్టుకోండి. గ్లాసులో పావు వంతు తేట పోసి, స్ట్రాతో నెమ్మదిగా ఊదండి. పీల్చకూడదు, ఊదడమే. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలా తెల్లబడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. బెలూన్‌లోని గాలిని స్ట్రా గుండా పంపినా అదే తెలుపు వస్తుంది.

రెండు నిమిషాలు తాడాట ఆడి వచ్చి మళ్లీ కొత్త తేటలో ఊదండి. తక్కువ సెకన్లలో తెల్లబడుతుంది. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ వంతు అప్పుడూ ఇప్పుడూ దాదాపు 4 శాతమే, కానీ నిమిషానికి వదిలే గాలి పెరిగింది. అందుకే ఊపిరులు కాదు, సెకన్లు లెక్కపెట్టమన్నాను. మరీ ఎక్కువసేపు ఊదితే తెలుపు విరిగి మళ్లీ తేట అవుతుంది. అది బైకార్బొనేట్‌గా కరిగిపోవడం, ప్రయోగం తప్పు కాదు.

ఒళ్లు తగ్గినవాళ్ల కొవ్వు ఎక్కడికి పోయిందని అడిగితే చెమటలో అనో, వేడిగా అనో అంటారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు ఇలా ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా, 1.6 కిలోలు నీరుగా పోతాయి.

ఆరో మెట్టు: గోడకుర్చీ

మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దీన్ని వదిలేయండి. వీపు గోడకు ఆనించి, కుర్చీలో ఉన్నట్టు తొడలు నేలకు సమాంతరంగా ఉంచి, ఆగగలిగినంతసేపు ఉండండి. సమయం రాసుకోండి. లేచి 30 సెకన్లు నిలబడి మళ్లీ వేయండి. ఇంకో రోజు అదే పని మధ్యలో ఐదు నిమిషాల విరామం ఇచ్చి చేయండి. రెండోసారి ఆగిన సమయాల్ని పోల్చండి.

బిగుసుకున్న కండరం తన రక్తనాళాల్ని తానే నొక్కేస్తుంది, ఆక్సిజన్ సరిగా అందదు. కండరంలో నిల్వ ఉన్న ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టుకునే అణువు) రెండు మూడు సెకన్లకే చాలుతుంది. ఆ తరువాత పది సెకన్ల దాకా ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని నింపుతూ ఉంటుంది. ఆపైన గ్లైకాలసిస్ ఒక్కటే దిక్కు. తొడల మంట ఆ సమయంలో పేరుకునే ఆమ్లత్వానిది, ఫాస్ఫేట్ లాంటివాటిది. మర్నాటి ఒళ్లునొప్పులకు లాక్టిక్ ఆమ్లాన్ని నిందించడం మాత్రం తప్పు. అది గంటలోపే సర్దుకుంటుంది. 30 సెకన్ల విరామంలో ఫాస్ఫోక్రియాటిన్ సగం వరకే తిరిగి నిండుతుంది, ఐదు నిమిషాల్లో దాదాపు నిండిపోతుంది. మీ నోటుబుక్కులోని రెండు అంకెల తేడా అక్కడిదే.

ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. అంతకు రెండేళ్ల ముందు, 1925లో, వాళ్లిద్దరూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. మాలిబ్డేట్ అనే రసాయనంతో కలిపి, ఏర్పడే నీలం ఎంత ముదురుగా ఉందో చూసి ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పడం. ఆ నీలాన్ని ఓపికగా చూస్తూ ఉంటేనే, రంగు రావలసినంత కంటే ఆలస్యంగా వస్తోందనీ, తేలిగ్గా విరిగిపోయే ఫాస్ఫేట్ ఏదో కండరంలో దాగి ఉందనీ తెలిసింది. 1929లో వాళ్లు ఏటీపీని కూడా వేరుచేశారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్లే ముడుచుకుంటుందని అప్పటిదాకా ఉన్న సిద్ధాంతం వీటితో కదిలిపోయింది. పళ్లెంలో మీ నీలపు చుక్కల్ని ఓపికగా రాసుకుంటున్న పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఏడో మెట్టు: పది చింతపిక్కలు

ఇక కంటికి కనపడని భాగం. చింతపిక్కల్లో ఆరింటిని ఒక పక్క తెల్లగా అరగదీయండి, అవి గ్లూకోజ్ కార్బన్లు. నాలుగు నల్లవి పక్కన ఉంచండి, అవి మైటోకాండ్రియాలో (కణంలో శక్తి తయారయ్యే చోటు) ముందే ఉన్న ఆక్సలోఎసిటేట్ అనే పదార్థపు కార్బన్లు.

ఆరింటిని మూడు, మూడుగా విడదీయండి: గ్లైకాలసిస్ అయింది. ఒక్కో కుప్పలోంచి ఒక పిక్క బయటికి తీయండి: పైరువేట్ ఎసిటైల్ కోఎంజైమ్ ఏ అయింది, రెండు కార్బన్లు ఊపిరిలోకి వెళ్లాయి. ఈ అంచెకు విటమిన్ బి1 కావాలి. మిగిలిన రెండేసి కుప్పల్లో ఒకదాన్ని నాలుగు నల్లవాటితో కలపండి, ఆరు అయ్యాయి, అది సిట్రేట్. రెండు పిక్కలు బయటికి తీస్తే మళ్లీ నాలుగు. ఇక్కడ చాలామంది ఇప్పుడే లోపలికొచ్చిన తెల్లవాటిని తీసేస్తారు. తీయవలసింది నల్లవాటిని. కొత్తగా వచ్చిన కార్బన్లు మొదటి చుట్టులో బయటికి పోవు, తరువాతి చుట్లలో పోతాయి. ఇదొక్కటి చేత్తో చేసిన పిల్లలు క్రెబ్స్ వలయం ఎందుకు వలయమో మరి మరచిపోరు. రెండో కుప్పతో ఇంకో చుట్టు తిప్పండి. బయటికి వెళ్లినవి మొత్తం ఆరు.

లెక్క కాగితం మీద: గ్లైకాలసిస్‌లో 2 ఏటీపీలు పెట్టుబడి, 4 రాబడి, నికరం 2. వలయంలో ఇంకో 2. ఇక ఎలక్ట్రాన్లను చివరి అంచెకు మోసుకెళ్లే అణువులు, ఎన్‌ఏడీహెచ్, ఎఫ్‌ఏడీహెచ్2. ఎన్‌ఏడీహెచ్‌లు గ్లైకాలసిస్‌లో 2, పైరువేట్ దగ్గర 2, వలయంలో 6, మొత్తం 10. ఎఫ్‌ఏడీహెచ్2లు 2. ఒక్కో ఎన్‌ఏడీహెచ్‌కు 2.5, ఒక్కో ఎఫ్‌ఏడీహెచ్2కు 1.5 చొప్పున వేస్తే 25, 3. నికరం నాలుగూ కలిపి 32. గ్లైకాలసిస్ ఎన్‌ఏడీహెచ్ మైటోకాండ్రియాలోకి చేరే దారిని బట్టి అది 30 కావచ్చు. పాత పుస్తకాల్లో 38, 36 అని ఉంటుంది. అప్పట్లో 3, 2 చొప్పున వేసేవారు. పరీక్షలో మీ పాఠ్యపుస్తకం చెప్పిన అంకే రాయండి, కానీ తేడా ఎక్కడిదో తెలుసుకోండి. మైటోకాండ్రియా పొర మీదుగా ప్రోటాన్లను తోడి, అవి వెనక్కి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుందని పీటర్ మిచెల్ 1961లో చెప్పాడు. తోడిన ప్రోటాన్ల లెక్క ఏటీపీలకు సరిగ్గా భాగించబడదు, అందుకే ఆ సగాలు. పీల్చిన ఆక్సిజన్ ఆ చివరి అంచెలోనే నీరవుతుంది. మీరు సున్నపు తేటలోకి ఊదిన కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ మీరు పీల్చినది కాదు, ఆహారంలోంచి, నీళ్లలోంచి వచ్చినది.

ఏ రోజు ఏది

గురువారం రాత్రి రాగులు నానబెట్టండి, శుక్రవారం పొద్దున మూటకట్టండి. శనివారం సాయంత్రం నమిలే పరీక్ష, మొదటి రెండు మెట్లు చేసుకోవచ్చు. ఆ రాత్రే సున్నం నీళ్లలో కలిపి పెట్టండి. ఆదివారం పొద్దున తేట ఊదడం, గోడకుర్చీ, మధ్యాహ్నం చింతపిక్కలు. మొలకల్ని ఆదివారమంతా ఎండలో ఉంచి సోమవారం పొడి చేసుకుంటే, మూడు, నాలుగు మెట్లు, బెలూన్ గాలిని తేటలోకి పంపడం తరువాతి సెలవు రోజుకు వస్తాయి. ఈస్ట్ సీసాల్ని పొద్దున్నే మొదలుపెట్టండి, నాలుగో బెలూన్ లేచేదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి.